గుమ్మం డ్యూటీ

పెళ్లి బట్టలకని మీరు పెద్ద షాపులకి వెళ్లే ఉంటారు. అద్దాల తలుపు తోయగానే యూనిఫాం చీరలో ఒక అమ్మాయి రెండు చేతులూ జోడించి "నమస్కారమండీ, దయచేయండి" అంటుంది. చాలామంది ఆమె మొహం కూడా చూడరు. చూసినవాళ్లు ఎంత మర్యాదో అనుకుంటారు. కాలేజీ పిల్లలైతే తిరిగి ఒక దండం పెట్టి నవ్వుకుంటూ లోపలికి పోతారు. మా షాపులో అది మర్యాద కాదు, శిక్ష. ముందు ఆ సంగతి మీకు తెలియాలి. తర్వాత మిగతాది చెబుతాను.

నా పేరు జయశీల. కావలి ట్రంకు రోడ్డులో దివ్యవల్లి షాపింగ్ మాల్ అని బట్టల షాపు ఉంది. అందులో పట్టుచీరల సెక్షన్ నాది. రోజూ షట్టర్ ఎత్తకముందు మమ్మల్నందర్నీ మెట్ల కింద వరసగా నిలబెట్టి మీటింగ్ పెడతారు. గోడకి టీవీ ఉంటుంది, టీవీలో మా పేర్లుంటాయి. పేరు పచ్చగా ఉంటే నిన్న బాగా అమ్మినట్టు. పసుపుగా ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకోమన్నట్టు. ఎర్రగా ఉంటే ఆ రోజు గుమ్మం డ్యూటీ. షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా వచ్చేవాళ్లకి దండం పెడుతూ నిలబడాలి. గోడకి ఆనుకోకూడదు, కాలు మార్చకూడదు. పైన కౌంటర్ దగ్గరైనా మాకు కుర్చీ లేదనుకోండి, కానీ అక్కడ చీర మడతపెట్టే వంకతో వంగొచ్చు, బల్ల మీద మోచేయి ఆన్చొచ్చు. గుమ్మంలో ఆ భాగ్యం కూడా లేదు. వరసగా మూడోసారి ఎర్రపేరు వస్తే ఇక ఇంటికే.

ఈ రంగులు వేసేది కెమెరా. ప్రతి కౌంటర్ నెత్తిన నల్లటి గుండ్రటి కెమెరా ఒకటి వేలాడుతుంది. కౌంటర్ ముందుకి ఎంతమంది వచ్చారో అది లెక్కపెడుతుంది. ఎన్ని బిల్లులయ్యాయో కంప్యూటర్ చెబుతుంది. పదిమంది వస్తే ఒకరు కొన్నారా, నువ్వు పనికిమాలినదానివి. ఇద్దరు వస్తే ఒకరు కొన్నారా, నువ్వు బంగారం. ఆ పదిమందికీ నువ్వు పరిచి చూపించిన చీరలన్నీ తిరిగి మడతపెట్టిన చేతుల సంగతి ఆ కెమెరాకి అక్కర్లేదు.

రోజారమణి నా పక్క కౌంటర్. సముద్రం ఒడ్డున చెల్లమ్మపాళెం కోడలు. మొగుడు మరబోటు మీద చేపల వేటకి పోతాడు, సర్కారు వేట ఆపించే రెండు నెలలూ ఆ ఇంటికి ఈమె జీతమే ఆధారం. అమ్మడంలో మాలో ఎవరికీ తీసిపోదు. కానీ ఆ పాళెంలో ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురి కోకని ఇంటికొక ఆడమనిషి చేత్తో తాకి చూశాకే కొంటారు. ఎవరి చేయి పడకపోయినా తర్వాత గొడవే. అందుకని పెళ్లంటే ఆటోల మీద ఆటోలు వేసుకుని ఊరు ఊరంతా దిగుతుంది. మా అమ్మాయి ఉండాది గదా అని అందరూ రోజారమణి కౌంటర్‌కే వస్తారు. అందరూ తాకుతారు, అందరూ తలా ఒక మాట అంటారు, చివరికి ఒక్క కోక కొంటారు. ఊరంతా అభిమానంతో వస్తుంటే ఆ పిల్ల పేరు ఎర్రబడుతోంది.

మేలో ఒకరోజు మీటింగ్‌లో మేనేజర్ విజయభాస్కర్ టీవీ వైపు కర్ర చూపించాడు.

"రోజారమణి. మళ్లీ నువ్వే. వరసగా రెండోసారి."

"నిన్న మా పాళెం పెళ్లోళ్లు వొచ్చినారు సార్. మంచి కోకే కొన్నారు గదా."

"కొన్నారు. ఒకటి. వచ్చింది ఎంతమంది? ఊరేగింపా? నా పర్సెంటు చూసి పైనుంచి నన్ను తిడుతున్నారు. ఫో, గుమ్మం."

అతన్ని కూడా ఎవరో కొలుస్తారు. హైదరాబాదులో ఇంకో టీవీలో అతని పేరు కూడా ఏదో ఒక రంగులో ఉంటుంది. అతని మీద నాకు జాలి లేదనను. కానీ ఆ జాలి మా కాళ్ల నొప్పులకి పనికిరాదు.

ఆ మధ్యాహ్నమే రోజారమణి అత్త పోలేరమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. పెద్దావిడ, ఎండలో పడి వచ్చింది, చెమటతో రవిక తడిసి ఉంది. కోడల్ని గుమ్మంలో చూసి ఆగిపోయింది. రోజారమణికి ఏం చేయాలో తోచలేదు. అత్తకి గుమ్మంలో ఏం దండం పెడుతుంది? నవ్వి చేయి చాపి క్యారియర్ అందుకుంది. విజయభాస్కర్ లోపల్నుంచి చూశాడు.

"దండం ఏది?"

"మా అత్త సార్."

"గుమ్మం దాటి వచ్చేది ఎవరైనా కస్టమరే. పెట్టు. మాట కూడా చెప్పు."

రోజారమణి క్యారియర్ కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ, దయచేయండి" అంది అత్తతో. లోపలికి వస్తున్న కస్టమర్లు నిలబడి చూశారు. పోలేరమ్మ ఒక్క అంగలో ముందుకొచ్చి కోడలి చేతులు పట్టుకుని కిందికి దించింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను చీరల కట్ట మోసుకుంటూ అప్పుడే కిందికి వచ్చాను, అంతా చూశాను. చూసి పైకి పోయి మళ్లీ చీరలు పరిచాను. మీరైనా అదే చేసేవాళ్లు.

సాయంత్రం ఇంటికి పోయాక పోలేరమ్మ అడిగిందట, ఆ గుమ్మంలో నిలబెట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాల అని. రోజారమణి వేణ్నీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చునే తూగుతోంది. "నా కౌంటర్ కాడికి ఎంతమంది వస్తారో మిషను లెక్కబెడతాదత్తా" అంది. అంతే, నిద్రపోయింది. మిగతా సగం చెప్పలేదు.

పోలేరమ్మకి ఆ సగం చాలు. ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఎన్ని చేతులు పడితే అంత తేలిక. మనుషులు ఎక్కువైతే ఎవరికైనా చేటని ఆ ఊళ్లో ఎవరూ అనుకోరు. తెల్లారేసరికి ఆవిడ కాపు ముత్యాలయ్య ఇంటి ముందు కూర్చుంది. కాపు అంటే ఆ పాళెం పెద్ద. ఆయన దురాయి వేశాడంటే ఊరి కట్టుబాటు, ఎవరూ దాటరు. వేట లేక మగాళ్లందరూ ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉన్నారు. శుక్రవారం ఇంటింటి నుంచీ మనుషులు పోయి రోజమ్మ కౌంటర్ ముందు నిలబడాలని దురాయి పడింది.

వచ్చారండీ. తలలంటుకుని, పూలు పెట్టుకుని, తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చారు. ముసలివాళ్లు ఎస్కలేటర్ ముందు నిలబడి దండం పెట్టుకుని మరీ ఎక్కారు. ఒక్కొక్కరే రోజారమణి కౌంటర్ దగ్గరకి రావడం, బల్లని తాకడం, తలెత్తి కెమెరాలోకి చూడటం.

"ఇది నన్ను చూసిందంటావా మ్మే?"

"నీ మొహం చూస్తే చూడకుండా ఉంటాదా?"

కొంతమంది కిందికి దిగి మళ్లీ ఎక్కి మళ్లీ వచ్చారు. నేను పోలేరమ్మ చేయి పట్టుకుని పక్కకి లాగాను.

"అమ్మా, వద్దు. వీళ్లందర్నీ తీసుకుపో. అది..."

"నువ్వు ఊరుకో జయమ్మా. నీ కౌంటర్‌కి కూడా ఇంకోరోజు పంపిస్తాం, కుళ్లుకోబాక" అని కన్ను గీటింది.

రోజారమణి చేతిలో ఒక మామిడిపండు రంగు చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేనేజర్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అంత ఆశగా వచ్చినవాళ్లని పొమ్మని ఏ నోటితో చెబుతుంది? ఒకావిడ ఆమె గడ్డం పట్టుకుని, "ఇంక నిన్ను గుమ్మంలో పెట్టరు గదా తల్లీ" అంది. రోజారమణి తల ఊపింది. ఒక్కరూ ఏమీ కొనలేదు. వేట లేని నెలలో పట్టుచీర ఎవరు కొంటారు?

తెల్లారేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఆమెని క్యాబిన్‌లోకి పిలిచారు. మూడో ఎర్రపేరు, అదీ షాపు పెట్టిన దగ్గర్నుంచి ఎవరికీ రానంత తక్కువ. ట్రయల్ రూంలో యూనిఫాం చీర విప్పి మడతపెట్టి ఇచ్చింది. ఎంత బాగా మడతపెట్టిందంటే, అమ్మకానికి పెట్టినట్టే ఉంది.

ఆదివారం తెల్లవారుజామున మేం కొంతమందిమి చెల్లమ్మపాళెం పోయాం. మా ఆయన జీవానందం తన షేర్ ఆటోలో తీసుకుపోయాడు. మాకు ఆదివారం కూడా డ్యూటీయే. ప్రార్థనకి గుడికి పోయి చాన్నాళ్లయింది. ఒడ్డుకి లాగిన బోట్ల మధ్య ఇసుకలో కూర్చున్నాం. ఊరు చుట్టూ చేరింది. జరిగింది పోలేరమ్మకి అప్పటికే తెలుసు. రెండ్రోజులుగా అన్నం ముట్టలేదట.

"నా చేత్తో నా బిడ్డ కూట్లో మట్టి కొట్టినానే" అంది.

ముత్యాలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యిందేదో అయ్యింది. మళ్లీ దురాయి ఏస్తాండా. ఈ పొద్దు నుంచి మా పాళెం మనిషి ఆ షాపు మెట్టు ఎక్కకూడదు. ఎక్కినోడు ఊరికి తప్పు కట్టాల."

"ఎక్కకపోతే వాళ్లకే మంచిది కాపుగారూ" అన్నాను. "చూసిపోయేవాళ్లు తగ్గితే పర్సెంటు పెరుగుతుంది. మేనేజర్ మీకు దండం పెడతాడు."

ఆయనకి కోపం వచ్చింది. "ఇది మా పాళెం బిడ్డ సంగతి. మాకు తెలుసు ఏం చేసుకోవాల్నో."

"మీ పాళెం బిడ్డొక్కత్తేనా గుమ్మంలో నిలబడేది? పోయిన నెల నేను నిలబడ్డాను. మా పేట అబిగయీలు నిలబడింది, చూలింత. మీ దురాయి మాకు తగలదు. ఊరి బయటోళ్లం, మేం ఏ కాపు కాడికి పోవాలి?"

అప్పుడు వనజాక్షి లేచింది. వనజాక్షి మా అందర్లోకీ ఎక్కువ అమ్మేది. ఆమె పేరు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఆ రోజు ఆమె ఎందుకొచ్చిందో కూడా మాకు అర్థం కాలేదు.

"నేను ముందే చెప్తుండా. నన్ను ఇందులోకి లాగొద్దు. మా ఆయన మంచాన పడి ఉండాడు. ఆ పచ్చపేరు మీదే మా ఇల్లు నడస్తా ఉండాది. రేపు నా పేరు ఎర్రబడితే మీరు పెడతారా కూడు?"

"నీ పేరు పచ్చగా ఉండాలంటే ఇంకొకరిది ఎర్రగా ఉండాల్సిందే గదక్కా" అని ఎవరో అన్నారు. వాళ్లూ వాళ్లూ అరుచుకున్నారు. ఒకరు లేబర్ ఆఫీసుకి పోదామన్నారు. ఒకరు పోయి ఏం లాభమన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. నాకు నడుం నొప్పిగా ఉంది. ఆ అరుపులు వింటూ ఇసుకలో వెనక్కి వాలి పడుకుందామనిపించింది. పోరాటమంటే జెండాలు ఎగరడమని మీరు అనుకుంటే, ఆ పొద్దున మా మొహాలు చూడాల్సింది. సగంమంది ఆవలిస్తున్నాం.

రోజారమణి బోటుకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. కళ్లు తెరవకుండానే అంది.

"ఎందుకు కొట్టుకుంటారు. అందరి పేర్లూ ఎర్రగా ఉంటే ఏం చేస్తాడంట? అంతమందికి ఆ గుమ్మంలో చోటు యాడుంది?"

ఆమె విసుగుతో అంది. కానీ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పోలేరమ్మ మెల్లగా లేచి చీరకి అంటిన ఇసుక దులుపుకుంది. "అయితే మళ్లీ వస్తాం" అంది. "ఈసారి అందరి కౌంటర్లకీ వస్తాం. జయమ్మా, మీ పేటోళ్లు వస్తారా?"

"వస్తారు" అన్నాను. అడగకుండానే అనేశాను. అడిగాక నిజంగానే వచ్చారు. వనజాక్షి మాత్రం ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు మొహం బయటికి తిప్పుకుని కూర్చుంది.

సోమవారం షట్టర్ ఎత్తేసరికి జనం మెట్ల మీద ఉన్నారు. పాళెం వాళ్లు, మా పేట వాళ్లు, జీవానందం ఆటో స్టాండ్ వాళ్ల ఇళ్లల్లోని ఆడవాళ్లు. గొడవ లేదు, నినాదం లేదు. మర్యాదగా వచ్చారు, అన్ని అంతస్తులకీ సర్దుకున్నారు, ప్రతి కౌంటర్ ముందూ నిలబడ్డారు. "అది చూపించమ్మా. ఆ పైది. దానికింద నెమలిరంగు." చూసి, బాగుందని చెప్పి, పక్క కౌంటర్‌కి పోయారు. పక్క కౌంటర్ వాళ్లు ఇక్కడికి వచ్చారు. చూపించమని అడిగితే చూపించకుండా ఉండటానికి లేదు, అది కూడా రూలే. పరిచాం, మడతపెట్టాం, మళ్లీ పరిచాం. అంత ఒళ్లు హూనమైన రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. మధ్యలో ఒక ముసలమ్మ గొంతు తగ్గించి, "మమ్మల్ని తిట్టుకోబాక తల్లీ, నీ కోసమే" అంది. తిట్టుకున్నాను, నిజం చెప్పొద్దూ. నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున వరసలో నిలబడ్డాం. టీవీ వెలిగింది. పైనుంచి కిందిదాకా ఎర్రగా ఉంది. పచ్చ లేదు, పసుపు లేదు.

విజయభాస్కర్ టీవీ ఆపి మళ్లీ వేసి చూశాడు. తర్వాత మాకేసి తిరిగి, "ఇవాళ రూలు లేదు. పైకి పొండి" అన్నాడు.

ఎవరం కదల్లేదు.

"రూలు రూలే గద సార్" అంది అబిగయీలు. పొట్ట మీద చేయి పెట్టుకుని నడిచి పోయి గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక నేను. నా వెనక మిగతావాళ్లు. గుమ్మం నిండి, వరండా నిండి, మెట్ల మీదికి దిగాం. రోజారమణి ఇంటి చీరలో రోడ్డు మీద ఎదురుచూస్తోంది. వచ్చి నా పక్కన నిలబడింది. పాళెం వాళ్లు కింద పేవ్‌మెంట్ మీద ఉన్నారు.

లోపల వనజాక్షి ఒక్కతే మిగిలింది. విజయభాస్కర్ ఆమె దగ్గరకి పోయి మెల్లగా మాట్లాడాడు. కానీ ఖాళీ షాపు కదా, మాకు ప్రతి మాటా వినిపించింది.

"నువ్వు పైకి పో వనజాక్షీ. ఒక్క ఫోన్ చేస్తే చాలు, నీ పేరు పచ్చ చేయిస్తాను."

వనజాక్షి మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగింది.

"ఫోన్ చేస్తే మారుతుందా సార్ రంగు?"

"మారుతుంది. నేను చూసుకుంటాను గదా."

"అట్టయితే రోజారమణిది కూడా మార్చి ఉండొచ్చు గద సార్" అంది వనజాక్షి. ఆమె కళ్లు నిండిపోయాయి. మా దగ్గరకి వచ్చి చివర్న నిలబడింది. మంచాన పడిన మనిషిని తలుచుకుని ఉంటుంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను, చల్లగా ఉంది.

కస్టమర్లు వచ్చారు. అందరం ఒక్క గొంతుతో "నమస్కారమండీ, దయచేయండి" అన్నాం. లోపలికి పోయారు, చీర చూపించే దిక్కు లేక బయటికి వచ్చారు. ఏం జరిగిందని అడిగితే చెప్పాం. అలా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయాం. కాలేజీ పిల్లలు కొంతమంది విని, వెళ్లకుండా రోడ్డు అవతల నిలబడ్డారు. ఎండ ఎక్కింది. కాళ్లు ఎప్పటిలాగే పీకుతున్నాయి.

చివరికి పోలీసులు వచ్చారు.

"ఎవరమ్మా మీ లీడరు?" అన్నాడు ఎస్సై.

"లీడరు లేదు సార్. ఎర్రపేరోళ్లం. గుమ్మం డ్యూటీలో ఉండాం" అంది అబిగయీలు.

వాళ్లు మమ్మల్ని తోసుకుని లోపలికి పోయారు. మేం చేతులు జోడించి దయచేయమన్నాం. బూట్ల చప్పుడుతో కౌంటర్ల మధ్య తిరిగి చూశారు. పైన కెమెరాలు వాళ్లనీ లెక్కపెట్టుకునే ఉంటాయి. వాళ్లు కూడా ఏమీ కొనలేదు.

పనిలోంచి తీసేసిన మనిషి షాపు గుమ్మంలో నిలబడటం నేరమన్నారు. రోజారమణిని పట్టుకున్నారు. అడ్డం వెళ్లిన పోలేరమ్మని పట్టుకున్నారు. "మా ఊరి ఆడోళ్లని తీసకపోతే నేనొక్కణ్ణే ఎట్ట పోతాను ఊరికి" అని ముత్యాలయ్య తనే వ్యాను ఎక్కాడు. మేం వ్యాను చుట్టూ మూగాం. లాఠీలు ఊపారు. నా భుజం మీద ఒకటి పడింది. వ్యాను కిటికీ జాలీలోంచి రోజారమణి మొహం కనపడింది. ఏడుస్తుందనుకున్నాను.

"జయక్కా, ఇందులో సీటు ఉండాది. కూర్చోనిచ్చినారు" అంది.

అంటూ నవ్వింది. పక్కన పోలేరమ్మ వంగి, కోడలి కాళ్లు రెండూ తన ఒళ్లోకి తీసుకుని ఒత్తుతోంది. వ్యాను కదిలిపోయింది.

నాకప్పుడు దుఃఖం ఆగలేదు. ఈ పిల్ల కూర్చోడానికి పోలీసు వ్యాను రావాలా?

విజయభాస్కర్ బయటికి వచ్చి, ఇప్పటికిప్పుడు పైకి పోకపోతే అందరి పేర్లూ తీసేస్తానన్నాడు. మేం అతనికేసి చూశాం. అలసిపోయి ఉన్నాం. అబిగయీలు మెట్టు మీద చేయి ఆన్చి, పొట్ట పట్టుకుని మెల్లగా కూర్చుంది. వనజాక్షి కూర్చుంది. నేను కూర్చున్నాను. యూనిఫాం చీరలతో ట్రంకు రోడ్డుకి ఎదురుగా, దివ్యవల్లి మెట్ల నిండా కూర్చున్నాం. మా వాళ్లని వదిలి, రోజారమణిని పనిలోకి తీసుకుని, ఆ కెమెరాలు దించేదాకా లేచేది లేదని చెప్పాం. రాతి మెట్టు ఎండకి కాలుతోంది. అయినా ఎంత సుఖంగా ఉందో మీకు చెప్పలేను.

రోడ్డు అవతల ఇంకో పెద్ద బట్టల షాపుంది. దాని గుమ్మంలో కూడా ఒక అమ్మాయి ఉంది, వేరే రంగు యూనిఫాం. ఆమె పేరు మాకు తెలియదు. అన్నాళ్లుగా ఎదురెదురుగా నిలబడి కూడా ఒకరినొకరు పలకరించుకోలేదు. ఆమె జోడించిన చేతులు అలాగే పెట్టుకుని మా వైపు చూస్తోంది. ఒక కారు ఆగింది, నిండు కుటుంబం దిగింది. ఆమె వాళ్లకి దండం పెట్టలేదు. చేతులు విడదీసి, వెనక్కి ఒకసారి చూసి, మెట్టు మీద కూర్చుంది.